అక్క ఇస్తానన్నది

తమ్ముడి కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసిన రోజున అక్క ఏడవలేదు. "నాది తీసుకోండి. ఒకే కడుపున పుట్టినవాళ్లం," అంది.

తండ్రి పోయేనాటికి ఆమె ఏడో తరగతి. బడి మానేసి చొక్కాలు కుట్టే కంపెనీలో చేరింది. ఆ జీతంతోనే తమ్ముడు చదువుకుని లెక్కల మాస్టారయ్యాడు. యాభైకి దగ్గరపడుతున్నా ఆమె ఇంకా అక్కడే కాలర్లు కుడుతోంది. ఒంట్లో బాగోలేదని ఏనాడూ మంచమెక్కలేదని కాస్త గర్వం కూడా.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఆమెనొక్కదాన్నే లోపలికి పిలిచింది.

"బీపీ ఎప్పట్నుంచి ఉందమ్మా?"

"నాకా? బీపీ తెచ్చుకునే తీరిక నాకెక్కడిదండీ!"

డాక్టరమ్మ నవ్వలేదు. "పనిలో నీళ్లు తాగుతారా?"

"తాగితే మధ్యలో లేవాలి కదండీ. లేస్తే సూపర్‌వైజర్ నానా మాటలంటాడు. పొద్దున గొంతు తడుపుకుని వెళ్తే మళ్లీ ఇంటికొచ్చాకే. నడుం నొప్పికి మాత్రం రోజూ బిళ్ల వేసుకుంటా."

డాక్టరమ్మ మెల్లగా విడమరిచి చెప్పింది. ఎవరూ కనిపెట్టని బీపీ, దాహం చంపుకుని చేసిన పని, ఆ నొప్పి బిళ్లలు కలిసి ఆమె కిడ్నీల్ని సగానికి పైగా తినేశాయి. ఇవ్వడం మాట అటుంచి, ఉన్నవి కాపాడుకోవాలి.

బయట బెంచీ మీద తమ్ముడు ఎదురుచూస్తున్నాడు.

"మనిద్దరికీ కలవలేదట్రా," అందామె.

ఆ అబద్ధం ఎంతోసేపు నిలవలేదు. అతను గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పేసింది.

"చిన్నప్పుడు పాలు నాకే ఇచ్చి, నీకు పడవనేదానివి. అదీ అబద్ధమేనా అక్కా?"

"ఇప్పుడు పాల సంగతెందుకురా? ఆకలేస్తోంది, లే," అంటూ ఆమె మొహం తిప్పుకుంది.

చివరికి తమ్ముడి భార్య కిడ్నీ సరిపోయింది. ఆపరేషన్ బాగా జరిగి అతను మళ్లీ బడికెళ్తున్నాడు. కంపెనీ మానెయ్యమని అతను పట్టుబడితే, "మీ ఇంట్లో కూర్చుని తినమంటావా?" అని అక్క ఎగిరిపడింది. మరదలే వీధివైపు గది ఖాళీ చేసి కుట్టుమిషను వేయించింది. అక్క ఇప్పుడు అక్కడే కుడుతోంది; లేవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

అక్కకు పోయిన ఆరోగ్యం మాత్రం తిరిగి రాలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తారు. తన పేరు ముందు పిలిచినా, "నువ్వెళ్లక్కా," అంటాడతను. మొదట్లో ఆమె ససేమిరా అనేది. ఈమధ్య ఏమీ అనకుండా లేచి వెళ్తోంది.