మార్చి సాలు, ఆగస్టు సాలు

ఫ్రెడ్రిక్ గారిని హామిల్టన్ మట్టిలో పెట్టి నెల తిరక్కముందే ఆయన భార్య ఆనందమ్మ పూలగింజల మాటెత్తింది. కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి, ఒక మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో కునుకు తీస్తూ అలాగే పోయాడు. శవాన్ని నరసాపురం పంపించే ఏర్పాటు చేద్దామంటే ఆనందమ్మే వద్దంది. ఎక్కడ పడ్డవాణ్ణి అక్కడే పడుకోబెట్టండని ఆయన ఎప్పుడో అన్నాడట. పడుకోబెట్టారు. ఆవిడ వీసా మాత్రం నవంబరు మొదటివారం దాకా పొడిగించుకుంది. నవంబరు రెండున సమాధుల పండగ. పోయినవాళ్ళకి మొదటి పండగ ఇంటివాళ్ళు దగ్గరుండి చెయ్యాలి. సమాధి కడిగి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన చేసుకుని, అప్పుడు విమానమెక్కుతుంది. ఎక్కితే మళ్ళీ రాదు. మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది.

"కొన్నపూలు పెట్టను," అంది. "ఆయన నాకు బతుకంతా పెరటి పూలే కోసి తెచ్చాడు. ఈ పెరట్లో పూసినవే పెడతాను."

అల్లుడు ఎలియాసు అప్పుడు పక్కనే ఉన్నాడు. ఏడో తరగతిలో బడి మానేసి లారీ క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, నర్సు చదివిన జోసఫిన్‌ని చేసుకుని, ఆమె ఉద్యోగం పుణ్యమా అని, మనకి ఎండాకాలమైనప్పుడు చలికాలమొచ్చే ఈ దేశంలో పడ్డవాడు. యాభై దగ్గర పడుతున్నా ఇక్కడా పార్సిళ్ళ వ్యాను తోలుతున్నాడు. ఆనందమ్మ మిషను బడిలో హెడ్మిస్ట్రెస్సుగా చేసి దిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కనాడూ అల్లుడి చదువు గురించి ఎత్తిపొడవలేదు. ఆ ఎత్తకపోవడమే ఎలియాసుకి ముల్లులా ఉండేది.

జోసఫిన్ తోటసామాను కొట్టుకి వెళ్ళి స్వీట్‌పీ అనే తీగపూల గింజల ప్యాకెట్టు తెచ్చింది. తెచ్చిన సాయంత్రమే గొడవ మొదలైంది.

"రేపే వేసేద్దాం," అంది ఆనందమ్మ. "మా మిషను కాంపౌండులో దొరసానమ్మ వేసేది. దసరా వెళ్ళాక, గాలి చల్లబడుతుండగా వేసేది. క్రిస్మసు దాటేసరికి కంచె కనపడేది కాదు. ఇక్కడ చల్లబడేది ఇప్పుడేగా?"

"అది నరసాపురం అత్తయ్యగారూ," అన్నాడు ఎలియాసు. "అక్కడ చలంటే దుప్పటి కప్పుకునేంత. ఇక్కడ జూన్, జులైల్లో పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకాలి. పసిమొక్కలు చచ్చూరుకుంటాయి. ఎండ తిరిగాక ఆగస్టులో వేద్దాం."

"ఆగస్టులో వేస్తే పండక్కి పూస్తాయాండీ?"

"ఎందుకు పూయవు?"

జోసఫిన్ కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్టు వెనకవైపు చదివింది. చలికాలం ముందు వేసుకోవచ్చు, చలికాలం వెళ్ళాక కూడా వేసుకోవచ్చు అని ఉంది. "తగువు తీర్చమని దీన్నడిగితే ఇది ఇద్దరికీ ఓటేసింది," అని నవ్వింది.

ఎవరూ నవ్వలేదు. గింజలు రెండు పాళ్ళు చేశారు. ఆనందమ్మ తన పాలు రాత్రి నీళ్ళలో నానేసి, మర్నాడు బట్టలు ఆరేసే తీగ పక్కన, కంచె వారగా నాటింది. మిగతా పాలు ఎలియాసు గరాజ్‌లో దాచుకున్నాడు. ఒకే కంచెకి ఒకవైపు మార్చి సాలు, రెండోవైపు ఖాళీ నేల.

చలికాలం వచ్చింది. ఎలియాసు తెల్లారి వ్యాను అద్దం గీక్కుంటూ ఆ సాలు వంక చూసేవాడు. మొక్కలు జానెడెత్తున ముడుచుకుని, ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉండేవి. అయిపోయాయి అనుకునేవాడు. అనుకోవడంలో కొంచెం సుఖం కూడా ఉండేది, అది ఎవరితో చెప్పుకునే సుఖం కాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవి పచ్చగా తలెత్తుకుని ఉండేవి. ఆనందమ్మ వాటి మీద రాత్రిపూట తన పాత నూలుచీర కప్పడం మొదలుపెట్టింది. పక్కింటి కోలిన్ కంచె మీంచి చూసి, అక్కర్లేదమ్మా, వాటికి చలంటే ఇష్టమే అన్నాడు. కోలిన్ పెళ్ళాం పోయిన ముసలాయన, ఆయన పెరట్లోనూ స్వీట్‌పీ ఉంది. ఆయన చెప్పినా ఆవిడ చీర కప్పడం మానలేదు.

ఆగస్టులో ఎలియాసు తన సాలు వేశాడు. వానలు పట్టుకున్నాయి. మొలక వచ్చిందని సంబరపడిన వారానికే గుల్లలేని నత్తలు మొత్తం నాకేశాయి. సెప్టెంబరులో మళ్ళీ గింజలు కొనుక్కొచ్చి, అత్తగారు చర్చికి వెళ్ళిన పూట మళ్ళీ నాటాడు. ఎవరికీ చెప్పలేదు. వేళ్ళు మడిచి లెక్కేసుకుంటే ఇవి పండక్కి పూయవని అతనికి అప్పుడే తెలిసింది. ఇక పండగ పూలంటూ వస్తే ఆనందమ్మ సాల్లోంచే రావాలి.

వచ్చాయి కూడా. సెప్టెంబరు వెళ్ళేసరికి మార్చి సాలు కంచె దాటిపోయి, గులాబీ రంగూ ఊదారంగూ తెలుపూ కలిసి ఒక్కసారి విచ్చుకుంది. కిటికీ తెరిస్తే వంటింట్లో తాలింపు వాసనని కూడా మింగేసేది ఆ వాసన. ఆనందమ్మ కుర్చీ అక్కడే వేయించుకుని కూర్చునేది. మొగుడు పోయాక ఆవిడ మొహంలో కళ రావడం అదే మొదలు.

జోసఫిన్ ఒకరోజు డ్యూటీకి వెళుతూ కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగింది. "వార్డులో ముసలాళ్ళ దగ్గర పెడతానే అమ్మా, నాలుగంటే నాలుగు."

"ముట్టుకోకు!"

ఆ కేకకి ఎలియాసు లోపల్నించి బయటికొచ్చాడు.

"మొదటివి మీ నాన్నగారికి," అంది ఆనందమ్మ. "కోతపండక్కి మొదటి గుమ్మడికాయ గుడికివ్వకుండా మన ఇంట్లో ఎవరైనా కూర వండారుటే? పొట్లపాదుకి తొలికాయ కాస్తే దానికి గుడ్డ కట్టేవాళ్ళం, పొరపాటున ఎవరూ కొయ్యకుండా. పండగనాడు ఆయన దగ్గర పెట్టేదాకా ఈ సాల్లో ఒక్క పువ్వు తెగడానికి వీల్లేదు. మొక్కుకున్నాను."

"ఇన్ని పూశాయి కదే!"

"ఇన్నీ ఆయనవే."

జోసఫిన్ కత్తెర లోపల పెట్టేసి వెళ్ళిపోయింది. ఎలియాసు కూడా ఆ మాటని కాదనలేదు. అతనూ అలాంటి ఇంట్లోనే పుట్టాడు. తొలికాపు ముట్టుకున్నవాడి చెయ్యి మంచిది కాదని వాళ్ళమ్మ కూడా అనేది.

అక్టోబరు నడుస్తోంది. ఒక సాయంత్రం ఎలియాసు చెత్తడబ్బా బయట పెడుతుంటే కోలిన్ పిలిచాడు. చేతిలో పెద్ద స్వీట్‌పీ గుత్తి ఉంది.

"మీ అత్తగారు పూలు కొయ్యడం లేదేం మేట్?" అన్నాడు ఇంగ్లీషులో. "కోస్తూ ఉంటేనే పూస్తుందది. నేను రోజూ కోస్తాను, రోజూ పూస్తాయి. వదిలేస్తే కాయలు పెట్టేసుకుని, ఇక నా పని అయిపోయిందని కూర్చుంటుంది. అప్పుడే పెడుతోంది, చూడు. ఇవాళ మొదలెట్టి కోసేయమను, ఇంకా ఆలస్యం కాలేదు."

ఎలియాసు చూశాడు. కింద కొమ్మల్లో చిక్కుడు పిందెల్లాంటివి నూగుతో వేలాడుతున్నాయి.

"చెప్తాను," అన్నాడు.

చెప్పడానికే లోపలికి వెళ్ళాడు. అది నిజం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ మాట కూడా కూర్చుకున్నాడు. ఆనందమ్మ సోఫాలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. జోసఫిన్ పొయ్యి దగ్గర ఉంది.

"ఏవండీ అల్లుడుగారూ," అంది ఆనందమ్మ, మంచి ఉషారుగా. "నాది కంచె దాటి కాలేజీకి వెళ్ళిపోయింది. మీ సాలు ఇంకా పలకా బలపం పట్టుకునే కూర్చుందే? బళ్ళో వేద్దామా, మాన్పించేద్దామా?"

జోసఫిన్ గరిటె పట్టుకుని పకపకా నవ్వింది. ఆవిడ వేళాకోళానికే అంది. మొగుడు పోయాక ఆడిన మొదటి వేళాకోళం అది. ఇంకొకడైతే, మాన్పించెయ్యండి అత్తయ్యగారూ, మా ఇంటావంటా అంతే అని తనూ నవ్వేసేవాడు. ఎలియాసుకి అది మనసులో ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్నేళ్ళూ నోట్లో దాచుకుని ఇవాళ కక్కింది అనుకున్నాడు.

"కానీండి," అన్నాడు. "ఎవరి సాలు ఏమవుతుందో పండగనాడు చూద్దాం."

కోలిన్ మాట ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాడు ఆనందమ్మ కాయలు చూసుకుని, "ఎంత చలవ చెయ్యో చూడు, పువ్వుకి పువ్వూ కాయకి కాయా," అని కూతురితో మురిసిపోతుంటే విన్నాడు. చెబితే, ఓర్వలేక అంటున్నాడనుకుంటుంది అని సర్దిచెప్పుకున్నాడు. ఆవిడ గుడికి వెళ్ళిన ఆదివారం తనే కత్తెర తీసుకుని సాలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు కూడా. పెద్దమనిషి మొక్కుకున్న తొలిపువ్వు తెంపడానికి చెయ్యాడలేదు. చెప్పడానికి నోరాడలేదు. రెంటి మధ్యా ఎండకి పూలు రాలి కాయలవుతూ వచ్చాయి. నాకేం, నేను వద్దన్నానా అని రోజూ వ్యాను తోలుకుంటూ అనుకునేవాడు. అనుకుంటూనే దారిలో ఎవరింటి కంచె మీద పూలు కనబడ్డా బ్రేకు మీద కాలు పడేది.

నెలాఖరు రాకముందే మార్చి సాలు పూయడం మానేసింది. మొదట్లో ఆనందమ్మ నీళ్ళు చాలలేదనుకుంది. రెండుపూటలా పోసింది. తర్వాత కుర్చీ లోపలికి తెచ్చేయమంది. కొమ్మలు అడుగునించి పసుపెక్కుతున్నాయి. ఎలియాసు సాలు మోకాలెత్తుకొచ్చి ఆకులేసుకుని ఊరుకుంది.

నవంబరు రెండు పొద్దున ఆవిడ తెల్లచీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు వెతికింది. తిరిగొచ్చేసరికి పళ్ళెంలో వాడిన రెక్కలు కొద్దిగా ఉన్నాయి, అవీ చెయ్యి తగిలితే రాలిపోయేలా.

"దారిలో ఆపి కొనుక్కుందామే అమ్మా," అంది జోసఫిన్.

"కొన్నపూలు పెట్టనన్నానుగా." పళ్ళెం గట్టు మీద బోర్లించింది. "నేను పెంచిందేదో ఆయనకి పనికిరాలేదు. ఊరికే కొవ్వొత్తి పెట్టి వస్తాను, పదండి."

ఎలియాసు పక్కింటికి పోయి తలుపు కొట్టాడు. ఈ వీధిలో ఏళ్ళ తరబడి ఉంటూ ఎవర్నీ చిటికెడు ఉప్పు కూడా అడగని మనిషి. కోలిన్‌కి సంగతి చెప్పాడు, సగం. ఆయన మారుమాట లేకుండా కత్తెర తీసుకుని తన సాలంతా కోసి, బక్కెట్టు నిండా పూలు పట్టుకుని, ఎలియాసు వద్దంటున్నా వినకుండా స్వయంగా వచ్చాడు.

"కంచెకి అటువైపువి, ఇదీ మీ పెరడే అనుకోండమ్మా," అన్నాడు ఆనందమ్మతో. తర్వాత ముసలివాళ్ళకుండే జాలితో, "మీవి ఇలా అయ్యాయని బాధగా ఉంది. కోసేయమని ఇతనితో అప్పుడే చెప్పాను. మూడు వారాలు దాటిందేమో, కదా మేట్?" అన్నాడు.

ఆనందమ్మ ఇంగ్లీషు చెప్పి బతికిన మనిషి. ఒక్క ముక్క కూడా జారిపోలేదు. బక్కెట్టు అందుకుని, ఆయనకి ఇంగ్లీషులో చక్కగా కృతజ్ఞతలు చెప్పింది. ఎలియాసు వైపు తిరగలేదు.

కారు వీధి మలుపు తిరిగింది. జోసఫిన్ ఒకసారి, "నీకు ముందే చెప్పాడా?" అంది. అతను గేరు మార్చాడు. "నిన్నే అడుగుతున్నాను." ఇన్నేళ్ళ కాపురంలో అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి.

శ్మశానం విశాలమైన పచ్చికబయలు. లేచి నిలబడ్డ సమాధి ఒక్కటీ లేదు, పేర్లు చెక్కిన పలకలన్నీ నేలకి సమంగా ఉన్నాయి. నరసాపురంలో ఈ పండగనాడు దీపాలతో, జనంతో కిటకిటలాడుతూ ఉంటుంది. ఇక్కడ వీళ్ళు ముగ్గురే. ఆనందమ్మ పలక కడిగి తుడిచింది. పూలు పెట్టాల్సింది ఇంటి మగవాడు. ఫ్రెడ్రిక్ గారికి కొడుకుల్లేరు కాబట్టి అల్లుడే పెట్టాలని ఆవిడ నెలల ముందే చెప్పి ఉంది. ఎలియాసు బక్కెట్టు పట్టుకుని ముందుకొచ్చాడు. ఆవిడ చెయ్యి చాచి దాన్ని అతని దగ్గర్నించి తీసుకుని కూతురికిచ్చింది.

కొవ్వొత్తి గాలికి నిలవడం లేదు. ఎలియాసు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆనందమ్మ కళ్ళు మూసుకుంది.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రం." పోయినాయన్ని ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది, తీసుకున్నందుకూ చెప్పింది. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి దేవుడి చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. ఆక్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న మనవడు జోనథన్ ప్రయాణాల్లో తోడుండమంది. జోసఫిన్‌కి ఆరోగ్యం ఇమ్మంది. ఆమె వార్డులో ముసలివాళ్ళని జ్ఞాపకం చేసుకుంది. నరసాపురంలో ఇల్లు కనిపెట్టుకునున్న చెల్లెలు సరోజినినీ, ఆమె పిల్లల్నీ అప్పగించింది. పూలిచ్చిన కోలిన్ చేతుల్ని దీవించమంది, పోయిన ఆయన భార్యకి విశ్రాంతి ఇమ్మంది.

కొవ్వొత్తి సెగ ఎలియాసు అరచేతికి తగులుతోంది. తియ్యలేదు. ఇప్పుడు తన పేరు వస్తుందని చూస్తున్నాడు. తిట్టుగా వచ్చినా సరే, బుద్ధినియ్యమని వచ్చినా సరే, రావాలి. దేవుడి ముందు పేరు విడిచిపెట్టే రకం కాదావిడ, బడిలో హాజరు పిలిచిన మనిషి.

"ఆమెన్," అంది ఆనందమ్మ.

జోసఫిన్ ఆమెన్ అంది. ఎలియాసు చేతులు అలాగే ఉంచి, తలెత్తాడు.

"నన్ను మర్చిపోయారా అత్తయ్యగారూ?"

ఆవిడ ఆ పొద్దు మొదటిసారి అతని మొహంలోకి చూసింది. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"మర్చిపోలేదండీ," అంది. "నోరు రాలేదు."

కూతురి భుజం పట్టుకుని, మోకాళ్ళు కూడదీసుకుని, లేచి నిలబడింది.