ఔలిస్ చేతిలో తాడు

మంచుగడ్డ కింద ఈదుతున్న మనిషికి, పైన నిలబడ్డ మనిషికి మధ్య ఉండే భాష ఒక్కటే, తాడు. పైనుంచి ఒకసారి లాగితే "బాగున్నావా" అని. కిందనుంచి ఒకసారి లాగితే "బాగున్నాను" అని. పైనుంచి రెండుసార్లు లాగితే వెనక్కి వచ్చెయ్యమని. కిందనుంచి మూడుసార్లు లాగితే ఇంకేమీ ఆలోచించకుండా నన్ను పైకి లాగెయ్యమని. అంతకు మించి మాటలు లేవు. నిజం చెప్పాలంటే మా హేర్నె నది ఒడ్డున చాలామంది మొగుడూ పెళ్ళాలు ఇంట్లో కూడా అంతకంటే ఎక్కువ మాట్లాడుకోరు.

తైమి, ఔలిస్ అలాంటి జంటే. తైమి బడిలో వంట చేసి రిటైరైంది. మోకాలి నొప్పికి చన్నీళ్ళు మంచివని ఎవరో చెబితే చలికాలంలో గడ్డకట్టిన నదిలో మునగడం మొదలుపెట్టి, చివరికి ఊపిరి బిగబట్టి మంచుగడ్డ కింద ఈదేదాకా వచ్చింది. మోకాలి నొప్పి ఎక్కడిదక్కడే ఉంది, ఈత పిచ్చి మాత్రం పట్టుకుంది. ఔలిస్‌కు నీళ్ళంటే పడదు. నడివేసవిలో కూడా మోకాళ్ళ దాకా దిగి వెనక్కి వచ్చేస్తాడు. కానీ ఆమె మునిగిన ప్రతిసారీ మంచుగడ్డను రంపంతో కోసి కంత చేసేదీ, అందులో తేలే ముక్కలను దేవి పారేసేదీ, ఆమె నడుముకు కట్టిన తాడు పట్టుకుని నిలబడేదీ అతనే. గడ్డమీద పొడిమంచు పేరుకుంటే కింద కటిక చీకటి. అందుకని ఆమె వెళ్ళాల్సిన దారి పొడవునా పారతో మంచు తోసిపెడతాడు. తోసినచోట వెలుతురు కిందికి దిగుతుంది, ఆ వెలుగు చార వెంట ఆమె ఈదుతుంది. పెళ్ళాం అంటే ప్రేమని అతను ఏనాడూ నోరు తెరిచి చెప్పిన పాపాన పోలేదు. పార పట్టుకున్నాడు, అంతే.

మార్చిలో పొద్దు పొడుగయ్యాక మా ఊళ్ళో రెండు కంతల ఈత పెడతారు. నది మలుపు తిరిగేచోట ప్రవాహం నెమ్మదించి మడుగులా ఉంటుంది. ఇక్కడొక కంత, అల్లంత దూరాన ఇంకో కంత. ఇందులో మునిగి అందులో తేలాలి, ఒక్క ఊపిరితో. తైమి ఈడు ఆడవాళ్ళెవరూ ఇంతవరకు ఆ పని చెయ్యలేదు. ఈ ఏడు తాను చెయ్యాలని ఆమె పట్టుబట్టింది. తాడు మాత్రం ఔలిస్ పట్టుకోవాలి. వేరే వాళ్ళు పట్టుకుంటారన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు.

ఫిబ్రవరిలో సాధన మొదలుపెట్టిన మొదటిరోజే తేడా వచ్చింది. ఆమె మునిగి కాస్త దూరం వెళ్ళిందో లేదో తాడు కదిలింది. ఒకసారి, రెండుసార్లు, మళ్ళీ, మళ్ళీ. వెనక్కి రమ్మంటున్నాడు కాబోలు, గడ్డ పగిలిందో ఏమోనని గిర్రున వెనక్కి తిరిగింది. కంతలోంచి తల పైకి పెట్టి చూస్తే అంతా ప్రశాంతంగానే ఉంది. ఔలిస్ దళసరి చేతితొడుగుల్లో తాడు పట్టుకుని చెట్టులా నిలబడి ఉన్నాడు.

"ఎందుకు లాగావు?"

"నేను లాగలేదే."

"లాగలేదేంటి! లాగుతూనే ఉన్నావు కదయ్యా, పిచ్చెక్కినట్టు!"

"జారిందేమో," అని అతను నీళ్ళకేసి చూశాడు.

పక్కనే ఈతగాళ్ళ సంఘం పెద్ద హెల్లెవి ఫ్లాస్కులోంచి కాఫీ వంపుతోంది. మామూలుగా ఆవిడ నోటికి తాళం ఉండదు. ఆవేళ ఏదో అనబోయి, దాల్చినచెక్క బన్ను పెద్ద ముక్క కొరికి నోరు నింపుకుంది.

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. తైమికి ఒళ్ళు మండింది. ముసలాడికి తాను ఈదడం ఇష్టం లేదు, ఆ మాట చెప్పే ధైర్యం లేక తాడుతో సాధిస్తున్నాడు అనుకుంది. పైగా క్రిస్మస్ దగ్గర్నుంచి శనివారం ఆవిరిస్నానానికి సౌనాకు కూడా తనతో రావడం మానేశాడు. "నువ్వు కానివ్వు, నాకు పడవల షెడ్డులో పనుంది," అంటాడు. నది గడ్డకట్టి ఉంటే పడవల షెడ్డులో ఏం పని? పెళ్ళయినప్పటి నుంచీ ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చుని చెమటలు పట్టించుకున్నవాళ్ళు. మా దగ్గర మొగుడు విడిగా సౌనాకు వెళ్ళాడంటే మంచం విడిగా వేసుకున్నట్టే లెక్క. అడిగేస్తే పోయేది. అడగలేదు. మూతి ముడుచుకుని తిరిగింది.

చివరికి ఒకరోజు రొట్టెకు వెన్న రాస్తూ, అతని ముఖం చూడకుండా అనేసింది. "ఇకనుంచి తాడు హెల్లెవి పట్టుకుంటుందిలే."

"సరే," అన్నాడు ఔలిస్.

పోట్లాడి ఉంటే బాగుండేది. ఆ "సరే" ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అతను రొట్టె సగంలో వదిలేసి, టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే నదిమీద పార పట్టుకుని, ఆమె ఈదాల్సిన దారిలో రాత్రి పడ్డ మంచును తోస్తున్నాడు. తాడు లాక్కున్నా పార వదలలేదు. తైమికి సిగ్గేసింది, దాంతోపాటు ఇంకా కోపం వచ్చింది.

ఆ శనివారం తాను ముందు స్నానం చేసి వచ్చి, అతను లోపలికి వెళ్ళేదాకా ఆగింది. తర్వాత తువ్వాలు చుట్టుకుని నేరుగా వెళ్ళి సౌనా తలుపు తోసింది.

"తలుపెయ్యి, వేడంతా పోతోంది," అన్నాడు అతను పైబల్ల మీదనుంచి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, బడిలో చెడ్డపని చేసిన పిల్లాడిలా.

"కాలుతున్న రాళ్ళమీద నీళ్ళు పొయ్యి."

"చాలు, వేడిగానే ఉంది."

"పొయ్యవయ్యా అంటే!"

అతను కుడిచెయ్యి బయటికి తీసి గరిట అందుకున్నాడు. గరిట బక్కెట్టు అంచును టకటకటక కొట్టింది. సగం నీళ్ళు రాళ్ళమీద, సగం తన మోకాళ్ళమీద పడ్డాయి. గరిట కింద పెట్టాక కూడా ఆ చెయ్యి ఆగలేదు. దానికదే వణుకుతూ ఉంది.

సౌనాలో చేతితొడుగులు ఉండవు. అందుకే ఇన్నాళ్ళూ రాలేదన్నమాట.

"ఎప్పట్నుంచి?" అంది తైమి.

"ఆకులు రాలినప్పట్నుంచి."

"డాక్టరుకు చూపించావా?"

"చూపించా. వణుకు రోగమట, పోయేది కాదట. బిళ్ళలిచ్చాడు. పడవల షెడ్డులో పెట్టా."

"బిళ్ళలు నీకిచ్చాడా, పడవకా?"

ఔలిస్‌కు నవ్వొచ్చింది. "చెబితే తాడు నా చేతిలోంచి తీసేస్తావనుకున్నా. నీళ్ళలోకి నేను రాలేను తైమీ, నాకు భయం. నీతో వచ్చేదంటూ ఉంటే ఆ తాడే."

తైమి ఏడ్చింది. గట్టిగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. తాను నీళ్ళ కింద తిట్టుకున్నది ఈ చేతినా అనుకుంది. పైబల్ల ఎక్కి అతని పక్కన కూర్చుని ఆ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అతను రెండో చెయ్యి పిడికిలి బిగించి చూపించాడు.

"గట్టిగా బిగిస్తే వణుకు ఆగుతుంది. ఊరికే ఉంటేనే ఈ గోల."

"అయితే ఊరికే పట్టుకో. వణకనీ. తాడు వణుకుతున్నంతసేపూ నువ్వున్నావని అనుకుంటా. నన్ను పిలవాలనిపిస్తే బిగించు. వణుకు ఆగిందంటే వెనక్కి వచ్చేస్తా."

"ఊళ్ళో చెప్పకు."

"నేనెందుకు చెబుతా!"

అదీ వాళ్ళు చేసిన పొరపాటు. మా ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు.

ఆ తర్వాత సాధన బాగా సాగింది. మొదట్లో రెండుమూడుసార్లు అదరుపాటుగా ఉన్నా, తర్వాత ఆ సన్నటి వణుకు నడుముకు అలవాటైపోయింది. చీకట్లో పక్కన ఎవరో గొణుగుతున్నట్టు ఉండేది. ఇన్నేళ్ళలో ముసలాడు తనతో ఇంతసేపు మాట్లాడింది లేదు అనుకుని నీళ్ళలోనే నవ్వుకునేది.

ఈత రోజు ఎండ కాసింది. కంతల చుట్టూ జనం చేరారు. ఒకచోట మంటమీద సాసేజీలు కాలుతున్నాయి. తైమి నల్ల రబ్బరు దుస్తుల్లో అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, నెమ్మదిగా ఊపిరి తీసి వదిలి, తీసి వదిలి, నిండా పీల్చుకుని మునిగింది.

వెలుగు చార తలమీద తిన్నగా సాగుతోంది. తాడు వణుకుతోంది. ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఊపిరి ఇంకా బోలెడుంది. సగం దాటింది. దూరంగా రెండో కంత వెలుతురు పచ్చగా కనిపించింది కూడా. అప్పుడు వణుకు ఆగిపోయింది.

కాలితో ఇంకొక్క తాపు వేసేంతసేపు చూసింది. లేదు, తాడు కట్టెలా ఉంది. పిలుస్తున్నాడా? లేక పడిపోయాడా? ముందున్న కంతే దగ్గర, కానీ ఔలిస్ వెనక ఉన్నాడు. ఇంకో ఆలోచన రాలేదు. తాడును మూడుసార్లు లాగి వెనక్కి తిరిగింది.

పైనుంచి బలంగా, చకచకా లాగేశారు. రొమ్ము పగిలిపోతుందేమో అన్నంతలో తల నీళ్ళపైకి వచ్చింది. ఊపిరి అందకముందే అరిచింది. "ఔలిస్ ఏడీ?"

ఔలిస్ పక్కనే ఉన్నాడు, నిక్షేపంలా, ఖాళీ చేతులతో. ముఖం పాలిపోయి ఉంది. తాడు హెల్లెవి చేతుల్లో ఉంది. రెండు చేతులూ రాతిలో చెక్కినట్టు స్థిరంగా ఉన్నాయి.

"ఏమైంది తైమీ? దాదాపు అవతలి కంతకు చేరిపోయావు కదే!" అంది హెల్లెవి.

"తాడెందుకు తీసుకున్నావు?"

"ఆయన చెయ్యి... ఎందుకులే, సాయంగా ఉంటుందని."

"అడిగి తీసుకున్నావా?"

"అడిగితే బాధపడతాడు కదే."

ఔలిస్ వద్దని ఎందుకు అనలేదో తైమి అడగలేదు. ఊరందరి ముందు వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆమె కంత అంచున కూర్చుని పళ్ళు టకటకలాడుతుంటే అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఈత పోయినందుకు కాదు, ఆ ఖాళీ చేతులు చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఔలిస్ కుడిచేతి తొడుగు లాగి గడ్డమీద పడేశాడు. చెయ్యి పైకెత్తాడు. అది ఎండలో వణుకుతోంది.

"నాకు వణుకు రోగం," అన్నాడు, సంతలో చెప్పినంత గట్టిగా. "ఆకులు రాలే కాలం నుంచి. వణికినా తాడు పట్టుకోగలను. మా ఇద్దరికీ అదే గుర్తు. ఆగిపోతేనే ప్రమాదం."

సాసేజీలు మాడుతున్న వాసన వచ్చింది. చివరికి హెల్లెవి తల వంచుకుని, "మాకు తెలుసు ఔలిస్," అంది. "అందరికీ తెలుసు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడే చూశాం."

"తెలిసి ఒక్కరూ అడగలేదా?" అంది తైమి.

"నువ్వు అడిగావా?" అంది హెల్లెవి.

ఆవేళ మళ్ళీ మునుగుతానంటే ఎవరూ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఔలిస్ కంతలమీద కట్టిన కొత్త గడ్డను పగలగొట్టాడు. దారిలో మంచు తోస్తుంటే హెల్లెవి ఇంకో పార పట్టుకుని వచ్చి, "నేనూ తొయ్యనా?" అని అడిగింది. అడిగింది! అతను అవతలి సగం ఆవిడకిచ్చాడు. మధ్యాహ్నానికల్లా, ముందురోజుకంటే ఎక్కువ జనం వచ్చారు.

తైమి నీళ్ళలోకి జారి, అంచు పట్టుకుని తల తిప్పింది. ఔలిస్ తొడుగు లేకుండా తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పట్టుకున్నావా, ముసలాడా?"

"వణుకుతోంది," అన్నాడు, అవతలి కంత దగ్గరవాళ్ళకు కూడా వినబడేటట్టు.

తైమి నిండా ఊపిరి పీల్చుకుని మునిగింది.