వేడి తగిలిన అద్దాలు

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే ఆవిడకు నోరు కాస్త ఎక్కువే. పొడి గుడ్డతో అద్దాలు తుడిచేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. "ముందు నీళ్లతో కడగండి, తర్వాతే తుడవండి" అని వచ్చినవాళ్లందరికీ క్లాసు పీకుతుంది. అలాంటిది, ఇంట్లో మొగుడే, కొత్త కళ్లజోడు పెట్టుకుని ఆర్నెల్లు తిరక్కుండా అద్దాలు మసకబార్చుకున్నాడు.

"మళ్లీ చొక్కా అంచుతో తుడిచారా?" అని గయ్యిమంది.

"నీ మీదొట్టు, చొక్కాతో తుడవలేదే" అన్నాడు.

ఆ కళ్లజోడు దుకాణానికి తీసుకెళ్లి దీపం కింద పెట్టి చూసింది. ఒక్క గీత లేదు. వెలుతురు తళుక్కుమనకుండా అద్దం మీద వేసే పూత మాత్రం ఎండిన బురదలా నెర్రెలు విచ్చి ఉంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ఇలాంటి నెర్రెలు మాత్రం పెద్ద వేడికే వస్తాయి. బేకరీ పొయ్యి ముందు నిలబడేవాళ్ల కళ్లజోళ్లలో ఆమె వీటిని చాలాసార్లు చూసింది.

మొగుడిదేమో ఏసీ గదిలో గుమాస్తా పని. రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళతాడు. ఈమధ్య ఇంటికొచ్చాక కూడా ఆ చొక్కా చేతులు పైకి మడవడం లేదు. అది గుర్తొచ్చి ఆమె ఆ నెర్రెలను మళ్లీ దీపం కింద పెట్టి చూసింది.

సాయంత్రం కొత్త అద్దాలు వేసిన కళ్లజోడు చేతికిచ్చింది.

"వేడికి దూరంగా ఉంచుకోండి."

"మా ఆఫీసులో వేడెక్కడిదే?" అని నవ్వాడు.

ఎవరితోనైనా మాటకు మాట అంటించే మనిషి, ఆ పూట నోరు మెదపలేదు. మర్నాడు పొద్దున్నే అతని క్యారేజీ సంచిలో, కళ్లజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డలో చుట్టి, కాలిన గాయాలకు రాసే మందు పెట్టింది.