ఫ్రీజర్‌కు బొట్టు

ఎనభైల నాటి మాట. బ్రహ్మచారికి ఆయుధపూజ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. సికింద్రాబాద్‌లోని ఓ రసాయన ప్రయోగశాలలో టెంపరరీ అటెండరుగా చేరిన నాటి నుంచి ఏటా మహానవమికి మిషన్లన్నిటి ప్లగ్గులూ తీసి, పసుపు కుంకుమ పెట్టి, దసరా మర్నాటి దాకా వాటిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఏడాదంతా చాకిరీ చేసే ఇనుముకు ఆ మాత్రం విశ్రాంతి ఉండాలని వాళ్ల నాయన చెప్పేవాడు.

ఆ ఏడు ఫ్రీజర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అందులో దేవకృప సీసా ఉంది. నేరేడ్‌మెట్ నుంచి వచ్చి పరిశోధన చేసుకునే అమ్మాయి. ఎక్రిలమైడ్ అనే రసాయనపు తెల్లటి స్ఫటికాలను మంచులో ఉంచి గామా కిరణాలు పట్టించి తెచ్చింది. కిరణాలు ఆపినా లోపల రాజుకున్న చర్య ఆరదని, చలిలో నివురుగప్పి ఉండి, వెచ్చబడగానే లేచి స్ఫటికాలను పాలిమర్‌గా మారుస్తుందని ఆమె వాదం. కిరణం ఆగితే చర్యా ఆగుతుందని ఆమె గైడు వెంకటరత్నం ఎప్పుడో వ్యాసం అచ్చేసుకున్నాడు. తన మాట తప్పు అని శిష్యురాలు తేలిస్తే ఏ గురువుకు మాత్రం ముద్ద దిగుతుంది? పండగయ్యాక కమిటీ ముందు ఆమె రుజువు చూపాలి. పాలిమర్ మిథనాల్‌లో కరగదు కాబట్టి, ఫ్రీజర్‌లో ఉంచిన స్ఫటికాలు అందులో పూర్తిగా కరగాలి, వాటిలోంచే కొన్ని తీసి బయట గదిలో ఉంచినవి కరగక మిగలాలి. డిగ్రీ వచ్చేదీ పోయేదీ దానితోనే.

"సార్, మేడం దీన్ని బంద్ చెయ్యొద్దన్నది," అన్నాడు బ్రహ్మచారి.

"మిగతా మిషన్లకు లేని గొప్ప దానికేమిటయ్యా? తీసెయ్," అని వెంకటరత్నం పులిహోర పొట్లం అందుకున్నాడు.

కమిటీ ముందు రెండూ కరగలేదు. మార్పంతా కిరణాలు తగిలినప్పుడే జరిగిపోయిందని, ఇందులో కొత్తేమీ లేదని పెద్దలు తేల్చేశారు.

దేవకృప బయటికొచ్చి అడిగితే, ఫ్రీజర్ ప్లగ్గు తీసిన సంగతి బ్రహ్మచారి దాచలేదు. ఏడుస్తుందనుకున్నాడు గానీ, ఆమె ముఖం వెలిగిపోయింది. తెచ్చిన రోజు మిథనాల్‌లో చిటికెడు వేసి చూస్తే పూర్తిగా కరిగాయట. అంటే ఫ్రీజర్ ఆగాక, ఏ కిరణమూ లేకుండానే మారాయన్నమాట. తన వాదమే నిజమైంది. ఫ్రీజర్ ఆగిందని అతనొక్కడు లోపలికొచ్చి చెబితే చాలంది. చెప్తానని బ్రహ్మచారి మాటిచ్చాడు.

వెంకటరత్నం అతణ్ని వరండాలోనే ఆపి, ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇంకా తన సంతకం కోసమే ఆగి ఉందని మెల్లగా గుర్తుచేశాడు. తర్వాత లోపల కమిటీలో అందరి ముందూ అడిగాడు.

"ఫ్రీజర్ ఆపావా?"

"లేద్సార్. మేడం వద్దన్నది గదా, నేను ముట్టలే."

దేవకృప అతని వైపు ఒక్కసారి చూసి తన కాగితాలు సర్దుకుంది. తిట్టినా బాగుండేదని బ్రహ్మచారి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె మళ్లీ ల్యాబుకు రాలేదు.

మరుసటి దసరా నాటికి బ్రహ్మచారి ఉద్యోగం ఖాయమైంది. వెంకటరత్నం పేరుతో కొత్త వ్యాసం అచ్చయింది. కిరణాలు ఆగినా చర్య ఆగదట. బ్రహ్మచారి కుంకుమ పళ్లెంతో ఫ్రీజర్ దగ్గరికి రాగానే వెనకనుంచి వెంకటరత్నం గొంతు వినిపించింది.

"దాని ప్లగ్గు తియ్యకు. లోపల నా స్ఫటికాలున్నాయి."

బ్రహ్మచారి బొట్టు మాత్రం పెట్టి పక్క మిషన్ దగ్గరికి వెళ్లాడు.