ఇసుకతిన్నెపై నిలిచిన ధర్మసభ

శరత్కాలారంభమున వర్షధారాక్షాళితమైన గగనతలము నీలమణిఫలకమువలె నిర్మలమై యుండ, సాగరుడు తరంగహస్తములతో దీరసైకతమును మాటిమాటికి దుడిచి మరల దిద్దుచుండ, బాలభానుని లేతకిరణములు శంఖద్వీపమునందలి ధర్మసభామండపపు ధవళశిలాస్తంభములపై బంగారునీరు పూయుచుండ, ఆ మండపద్వారమునకు మూడు రాజ్యముల ముద్రలతోడి తాళములు వ్రేలాడుచుండెను. సోపానముపై వృద్ధుడొకడు ప్రయాణపుమూటను బ్రక్కన నుంచుకొని నావకొఱకు నిరీక్షించుచుండెను. అతడు భవస్వామి. మొన్నటివఱకు ఆ సభకు బ్రధానధర్మాధికారి.

పూర్వము సాగరతీరమున నిరుగుపొరుగులైన వేలానగర మధుకూట సింధుతటాధీశ్వరులు చిరకాలయుద్ధములచే నలసి సంధి యొనర్చుకొని, స్వరాజ్యమున న్యాయము దొరకని ప్రజ యెవ్వడైనను దన రాజుపైననే మొఱపెట్టుకొనుటకై, ఎవ్వరి యేలుబడికిని లోబడని యా ద్వీపమున నుమ్మడి ధర్మాసనమును నెలకొల్పిరి. దానికి సేన లేదు. చెఱసాల లేదు. తీర్పు చెప్పుట దాని పని. ఆ తీర్పును మన్నించుట రాజుల మర్యాద.

ఆ తాళములు పడిన యేటి గ్రీష్మమున వేలానగరాధీశ్వరుడగు రణకేసరి చేపలవేటకు బోవు ప్రతి పడవపైనను గొత్తసుంకము విధించి, అది యన్యాయమని రేవునడుమ నిలిచి పలికిన కాళప్ప యను పల్లెకారుని విచారణ లేకయే కోటలో జెఱ వెట్టించెను. వాని యక్క ముత్తసాని వాగ్ధాటియందును మొండిపట్టునందును దీరమున బేరుగన్నది. ఆమె యూరూరు దిరిగి పల్లెకారులను, ఉప్పుమళ్లవారిని, నేతగాండ్రను గూర్చి తీరజనసంఘమను దానిని నిలిపి, ముందుగా భవస్వామి గృహమునకు బోయెను.

“స్వామీ, మా సంఘసభకు విచ్చేసి, రాజు చేసినది యధర్మమని యొక్కమాట సెలవిండు” అని వేడెను.

“అమ్మా, నేను మీ సభకు వచ్చితినేని నా సభలో మీకు న్యాయము చెప్పుటకు బనికిరాను. మీరే నా సభకు రండు. మొఱపెట్టువారు లేనినాడు నా పీఠము వట్టి ఱాయి” అని యతడు ద్వారముకడనే పలికి లోనికి బోయెను.

ఆ యనాదరమునకు ముత్తసాని మనస్సు నొచ్చినను మొఱపెట్టక మానలేదు. ధర్మసభ యిరుపక్షముల వాదమును విని కాళప్పను విడువవలసినదని తీర్పు చెప్పెను. రణకేసరి విడువలేదు సరికదా, తక్కిన రాజుల నిరువురను గూర్చుండబెట్టుకొని “ఈ ధర్మాసనము కలహప్రియుల చేతి కీలుబొమ్మ. నేడు నాకు, రేపు మీకు” అని బోధించి మండపమునకు దాళములు వేయించెను. ఆ వార్త విన్న సంఘమువారిలో గొందఱు యువకులు కోపోద్రిక్తులై, రేవున సుంకము వసూలుచేయు కొమ్మన యను భటుని యింటికి నిప్పుపెట్టిరి. ప్రాణహాని లేకున్నను వాని యాలుబిడ్డలు నిలువనీడ లేనివారైరి.

ముత్తసాని జనసమేతముగా బడవలనెక్కి ద్వీపమును జేరునప్పటికి భవస్వామి ప్రయాణోన్ముఖుడై యుండెను.

“స్వామీ, ఈ యిసుకతిన్నెపై గూర్చుండి సభ నడుపుడు.”

“నా యధికారమును రాజులు దీసికొనిరి గదా.”

“రాజులిచ్చినది రాజులు దీసికొనిరి. మేమిచ్చునది పుచ్చుకొనుడు.”

భవస్వామి “అట్లయిన మీపై మొఱ వచ్చినను వినవలసివచ్చును. సమ్మతమా?” యని యడిగెను. “సమ్మతమే” యని యామె తడుముకొనక పలికెను.

సభ మరల గూడునను వార్త వర్తకుల నావలతో మూడు రాజ్యములకును బ్రాకెను. నియమితదినమున జనము తిరునాళ్లకువలె వచ్చెను. అందఱికంటె ముందుగా మొఱపెట్టుటకు లేచినవాడు కొమ్మన.

భవస్వామి ముత్తసానిని జూచి “ఇతని యిల్లు గాల్చినవారు నీ సంఘమువారేనా?” యని ప్రశ్నించెను. చూచిన సాక్షి యొక్కడును లేడు. వెనుకనున్నవారు తెలియదని చెప్పుమని యామె చెంగు లాగిరి. ఆమె చెంగు విడిపించుకొని “మావారే. కాల్పుడని నేను జెప్పలేదు. వలదని చెప్పవలసిన గడియలో జెప్పనులేదు” అనెను.

“నీ తమ్ముని జెఱ వెట్టుట యెట్లధర్మమో యితని యిల్లు గాల్చుటయు నట్లే యధర్మము. సంఘమువారు స్వహస్తములతో ఇతని యింటిని మరల గట్టి యీయవలయును” అని భవస్వామి తీర్పు చెప్పెను.

సంఘమున వృద్ధుడొకడు కఱ్ఱ నేలగొట్టి “ఇందుకా తల్లీ, మనమీ సభను నిలువబెట్టినది?” యని యఱచెను.

“ఇందుకే, మామా” యని ముత్తసాని బదులుచెప్పెను.

మఱునాటినుండి యామె కొంగు బిగించి కొమ్మన పెరటిలో మన్ను ద్రొక్కెను. నిప్పుపెట్టిన యువకులే తాటాకులు మోసిరి. కొమ్మన భార్య మొదట దలుపుచాటునుండి తిట్టెను, కప్పు వేసిననాడు మాత్రము పిలువకయే యందఱికిని మజ్జిగ పోసెను.

తనను మోసితెచ్చినవారిపైననే తీర్పు చెప్పిన సభను గీలుబొమ్మ యనుటకు మధుకూట సింధుతటాధీశ్వరులకు నోరాడలేదు. వారు తమ ముద్రలను దీయించిరి. ఒంటరియైన రణకేసరి కొంతకాలము బింకము చూపి, తీర్పునకు దలయొగ్గితినని యొప్పుకొనుటకు సిగ్గుపడి, తన జన్మదినోత్సవమిషచే గాళప్పను విడిచి, మండపమునకు వేసిన తన తాళమును దీయించెను. చిక్కి శల్యమైన తమ్ముని ముత్తసాని రేవున జూచి నిలిచినచోటనే కూలబడి యేడ్చెను. సుంకము మాత్రము పోలేదు.

దానిపై మొఱపెట్టుటకై యామె హేమంతమున మరల ద్వీపమునకు బోయెను. తెఱచిన మండపమున భవస్వామి పీఠముపై నుండెను. ఆతని యధికారమునకు దనవారి యవమానమును మూల్యముగా నిచ్చిన యా స్త్రీని అతడు తలయెత్తి చూచి, మున్నెన్నడు నెఱుగనివానివలె “అమ్మా, నీ పేరేమి? ఏ రాజ్యపు ప్రజవు?” అని యడిగెను.

సభాసదులు విస్మితులైరి. ఆమె మాత్రము ఈ తడవ నొచ్చుకొనక, చేతులు జోడించి, తన పేరును, తన యూరి పేరును సభకెల్ల వినబడునట్లు చెప్పెను.