మూతకి సరిపడ్డ జాడీ

అమ్మ పోతూ పోతూ టీపొడి జాడీ చిన్నమ్మాయి తొకియెకి ఇమ్మంది. కోడిగుడ్డంత జాడీ, ఏనుగు దంతం మూత. అక్క ఫుమినో ఇవ్వలేదు. భూకంపంలో పగిలిపోయిందంది. ముక్కలేవని అడిగితే చెత్తబండికి వేశానంది. ఆనాటి నుంచి ఆరేళ్లుగా తొకియె భూకంపం వచ్చిందన్న సంగతే నమ్మడం మానేసింది. ఆ రోజు తన ఇంటి పైకప్పు కూడా ఊడిపడింది, అది వేరే విషయం.

ఇవాళ ఆ అక్కే టీకి పిలిచింది. తొకియె మోకాళ్ల మీద కూర్చుని, దొంగ ఇంట్లో పోలీసులా తాగింది. తాగాక జాడీ చూస్తానని అడగడం అతిథి మర్యాద. జాడీకి గీత పడకుండా ఉంగరం తీసి పక్కన పెట్టి, "కాస్త చూడనిస్తావా," అంది, సోదా వారంటు చదువుతున్నట్టు.

ఫుమినో జాడీని తుడిచి ముందు పెట్టింది.

మూత అమ్మదే. దంతంలో ఆ గోధుమరంగు చార, చిన్నప్పుడు తను వేలితో రాసి రాసి అరగదీసిందే. మూత లోపల బంగారు రేకు. విషం తగిలితే రంగు మారుతుందంటారు. తొకియె దాన్నీ ఓసారి పరీక్షగా చూసింది.

"మూత తెలిసిన మొహంలా ఉందక్కా."

"అమ్మదేనే."

"జాడీ పోయి మూత బతికిందా? భలే తెలివైన భూకంపం."

"దంతం కదే, పగల్లేదు. దొర్లి బీరువా కిందికి పోయింది. నాలుగేళ్లకి దొరికింది."

"ఏ బట్టీలో కాల్చింది?" ప్రశ్న మర్యాదదే, గొంతు మాత్రం ఠాణాది.

"మన వీధి చివరిది."

"చేసిందెవరు?"

"అంత పనిమంతురాలు కాదులే."

తొకియె మోచేతులు మోకాళ్లకి ఆనించి జాడీ ఎత్తింది. అమ్మ జాడీ దూదిలా ఉండేది. ఇది ఊరగాయ మీద బరువుకి పెట్టే రాయి. అడుగున, కుమ్మరి చక్రం మీంచి దారంతో కోసిన గీత, సాకే తాగి ఇంటికెళ్తున్న మనిషిలా వంకర. అక్క గోళ్లలో మట్టి.

"ఎన్ని చేశావ్?"

"ఇది నలభై మూడోది. జాడీకి మూత ఎవరైనా చేస్తారు. మూతకి జాడీ చెయ్యి, తెలుస్తుంది. కాలిస్తే మట్టి ముడుచుకుపోయి చస్తుంది. మిగతా నలభై రెండూ స్నానాల గదిలో ఉన్నాయి. ఇది నీది. పట్టుకెళ్లు."

తొకియె లేచి వెళ్లి లెక్కపెట్టి వచ్చింది.

"నలభై ఒకటే ఉన్నాయి."

"ఒకటి కోపమొచ్చి విసిరికొట్టా."

"ముక్కలేవి?"

ఫుమినో కిమోనో చేతి మడతలోంచి కాగితం పొట్లం తీసింది. "అడుగుతావని దాచాను."

తొకియె ముక్కలన్నీ చాప మీద పేర్చి చూసింది. జాడీయే. అప్పుడు గానీ ఇంకో గిన్నెడు టీ అడగలేదు.