మలుపులో మూడో గేరు

నేను ఒక చిన్న కారుని. ఎంత చిన్న అంటే, బానెట్ ఎత్తి చూసినవాళ్ళు లోపల ఇంకేదో ఉండాలన్నట్టు వంగి వెతుకుతారు. ఉన్నదల్లా మూడు సిలిండర్ల ఇంజను, బక్కపలచని టైర్లు, బలమంతా పెట్టి తిప్పితే గాని తిరగని స్టీరింగు. ఏసీ ఉంది కాని, అది వేస్తే నేను కొండ ఎక్కను. చల్లగాలి కావాలో కొండ కావాలో కూర్చున్నవాళ్ళే తేల్చుకోవాలి.

ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాతోపాటు అదే రోజు పుట్టినవాళ్ళు ఎందరో. రంగు తప్ప మాలో తేడా లేదు. నాకు తెలుపు పడింది. పెద్ద ట్రక్కులో తోటివాళ్ళతో కలిసి విశాఖపట్నం చేరాను. నన్ను మొదట కొన్నాయన ఏదో ఆఫీసులో అధికారి. నన్ను ప్రేమించిన మాట వాస్తవం. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఎవరినీ తీయనిచ్చేవాడు కాదు, ప్రతి ఆదివారం మెత్తని గుడ్డతో తుడిచేవాడు. తోలింది మాత్రం తక్కువ. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి, తిన్నటి రోడ్డు. పచ్చలైటు పడగానే అందరూ నన్ను దాటి పోయేవారు. ఆయన విసుక్కునేవాడు. నాకు చేతకాదని నేనూ నమ్మేశాను. మనుషులు ఎవరినైనా ఒకే చోట నిలబెట్టి కొలిచి, వీడింతే అని తేల్చేస్తారు. కార్ల విషయంలోనూ వాళ్ళ పద్ధతి అదే.

ఆయన పెద్ద కారు కొనుక్కున్నాక నన్ను శృంగవరపుకోట సన్యాసినాయుడు మాస్టారికి అమ్మేశాడు. నా అసలు జీవితం అక్కడ మొదలైంది.

మాస్టారి ఇల్లు అందరూ కోట అని పిలిచే ఆ ఊళ్ళోనే, ఉద్యోగం అనంతగిరి బడిలో. మధ్యలో ఘాట్ రోడ్డు. పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతు రెండో బెంచీ దాటి వినిపించేది కాదట. కూరగాయల దుకాణంలో పుచ్చు వంకాయలు సంచీలో వేసినా ఏమీ అనలేక ఇంటికి తెచ్చుకునే మనిషి. అలాంటాయన, కొండ మొదలై తొలి మలుపు కనిపించగానే వీపు నిటారుగా చేసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, వేరే మనిషి అయిపోయేవారు.

నా సంగతి ఆయనకు మొదటి వారంలోనే అర్థమైంది. నాకు బలం లేదు గనక ఉన్న వేగం పోగొట్టుకోకూడదు. ఒకసారి పోతే, దాన్ని మళ్ళీ కూడబెట్టుకునేసరికి ఇంకో మలుపు వచ్చేస్తుంది. అందుకని మలుపుకి ముందే బ్రేకు మీద కాస్త కాలు, మూడో గేరు, ఒక హారను, స్టీరింగు ఒకే తిప్పు. ఇక అది కదలకూడదు. నా బరువంతా బయటి చక్రం మీదికి ఒరుగుతుంది. టైర్లు సన్నగా కూనిరాగం తీస్తాయి. రోడ్డు మీది ప్రతి గులకరాయి సంగతీ స్టీరింగులోంచి ఆయన వేళ్ళకి చేరేది. మలుపు విప్పుకుంటూ ఉండగా మెల్లగా యాక్సిలరేటరు. అప్పటికి నా స్పీడు ముల్లు నలభై దగ్గర ఉంటే గొప్ప. పెద్ద కార్లలో నలభై అంటే కునుకు పట్టే వేగం. నాలో నలభై అంటే తీర్థంలో రంగులరాట్నం. మధ్యగీత దాటింది లేదు, ఎదుటివాడిని భయపెట్టింది లేదు. మా వాటా రోడ్డులోనే మా సంబరం మేము చేసుకునేవాళ్ళం.

తిన్నటి చోట నన్ను దాటిపోయిన పెద్ద కార్లు మలుపులో ఎర్రలైట్లు వెలిగించుకుని ఏనుగుల్లా తిరుగుతుంటే, మాస్టారు వెనకాల ఓపికగా ఆగి నవ్వుకునేవారు. వినిపించని నవ్వు. సీటు కదలడం వల్ల నాకు తెలిసేది.

ఆయన భార్య పైడితల్లి ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. సంత రోజున అల్లం, పసుపు కొనడానికి మాతో కొండెక్కేది. ఎక్కిన దగ్గరనుంచి దిగేదాకా ఒక చెయ్యి తలుపు పిడి మీద, ఒక చెయ్యి గుండెల మీద.

“ఏటండీ, మనం సంతకెళ్తన్నామా, పైకెళ్ళిపోతన్నామా?” అనేది.

“సంతకేనే. దారిలో కొండుంది, అంతే,” అనేవారు ఆయన.

ఏడెనిమిదేళ్ళు అలా గడిచాయి. తర్వాత మాస్టారి కళ్ళకి ఏదో అయింది. ఈ సంగతి ఆయన కాక మొదట తెలిసింది నాకే. నా ఎడమ అద్దానికి పిట్టగోడ సున్నం అంటుకోవడం మొదలైంది. ఇంటి గేటు దగ్గర ఎడమ తలుపు గీసుకుపోయింది. “బజార్లో ఎవడో గీసేసినాడు,” అని భార్యకి అబద్ధం చెప్పారు. సాయంత్రం వెలుగు తగ్గకముందే బడినుంచి బయల్దేరిపోయేవారు. ఆయనకి ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది. పక్కల నుంచి చూపు మూసుకొస్తోంది. ఆ దారి మలుపులన్నీ ఒంటికి పట్టేసి ఉండటం వల్ల ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. మలుపులు ఎక్కడికీ పోవు. మనుషులే ఎక్కడ పడితే అక్కడ ఎదురవుతారు.

అది సంత రోజు. టైడా ఊరు దాటాక ఎడమవైపు మలుపు. లోయ అంచున ఒక ముసలామె నెత్తిన కట్టెలమోపుతో నడుస్తోంది. నా దీపాలకి ఆమె కనిపించింది. మాస్టారికి కనిపించలేదు. ఆయన ఎప్పటిలాగే స్టీరింగు తిప్పారు.

“ఏటండీ! మనిషి!” పైడితల్లి కేక పెట్టి, స్టీరింగుని రెండు చేతులా అవతలికి లాగేసింది.

నేను రోడ్డుకి అడ్డంగా పోయి, కొండవైపు కాలవలో ముందు చక్రం దించి ఆగాను. ఎదురు బండి ఏదీ రాకపోవడం మా అదృష్టం. ముసలామె మోపు కింద పడేసి అలాగే నిలబడిపోయింది. దెబ్బ తగల్లేదు. ఊపిరి కూడదీసుకుని దగ్గరికొచ్చింది.

“కళ్ళు ఇంటికాడ ఎట్టేసి తోల్తన్నావేటి, బాబూ?”

“అవునమ్మా. తప్పయిపోనాది,” అన్నారు మాస్టారు. దిగి కట్టెలన్నీ ఏరి, తడుముకుంటూ మోపు కట్టి, ఆమె నెత్తికెత్తారు. మళ్ళీ నా లోపలికి వచ్చి కూర్చున్నాక చేతులు స్టీరింగు మీద పెట్టలేదు.

పైడితల్లి అడిగింది. “మీకామె కనబడనేదు కదూ?”

“నేదు.”

“ఎన్నాళ్ళబట్టి?”

“శానాళ్ళయింది, పైడీ.”

ఆమె చెయ్యి చాపి తాళం తీసి కొంగున ముడేసుకుంది. దారిన పోయే జీపు డ్రైవరు ఒకడు నన్ను కాలవలోంచి లాగి, జీపు తన క్లీనరుకి అప్పగించి, ఆమె దగ్గర తాళం తీసుకుని నన్ను కోట దాకా తోలిపెట్టాడు.

విశాఖలో కళ్ళ డాక్టరు, ఇది తగ్గేది కాదని, మెల్లగా ఇంకా మూసుకొస్తుందని చెప్పాడు. ఎదురుగా పుస్తకం కనిపించినంతకాలం పాఠం చెప్పుకోవచ్చు, బండి మాత్రం తోలకూడదు. మాస్టారు బస్సులో బడికి పోవడం మొదలెట్టారు. నేను షెడ్డులో ఉండిపోయాను. నా బానెట్ మీద కోడి గుడ్లు పెట్టింది. అప్పుడప్పుడు ఆయన షెడ్డులోకి వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని, గేరు వేసి తీసి వెళ్ళిపోయేవారు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు.

ఒక ఉదయం షెడ్డు తలుపు తీసింది పైడితల్లి. కోడిని తోలేసి, నన్ను కడిగి, మొగుడిని పిలిచింది.

“నాకు నేర్పండి.”

“నీకా? ఘాటీలో కళ్ళు మూసుకుని కూకుండేదానివి!”

“తెరిచే కూకుంటాను. మిషను తొక్కడం నేదా? ఇదీ తొక్కుడే.”

కాలేజీ మైదానంలో మొదలైంది చదువు. నేను ఎన్నిసార్లు కుదుపు తిని ఆగిపోయానో! క్రికెట్ ఆడే కుర్రాళ్ళు వికెట్లు పీక్కుని దూరంగా పోయారు. మాస్టారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బడిలో మొండి విద్యార్థులకి లెక్కలు చెప్పిన ఓపిక అక్కడ పనికొచ్చింది. చేతికి లైసెన్సు వచ్చాక, ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కొండ మొహం పట్టారు.

తొలి మలుపులోనే ఆమె బ్రేకు తొక్కేసి ఆగిపోయింది. వెనక లారీ హారను మోత. ఆమె కాలు బ్రేకు మీంచి లేచింది, నేను వెనక్కి జారుతున్నాను. ఆమె చేతుల చెమట నా స్టీరింగుకి తెలుస్తోంది.

“హేండ్ బ్రేకు లాగు. లారీవోడికి తొందరైతే ఆడే ఎల్తాడు. నువ్వు ఊపిరి తీసుకో.”

“నావల్ల కాదండి.”

“మలుపు నీ మీదకి రాదే. నువ్వే దాని దగ్గరికెల్తావు. ముందే బ్రేకు కొట్టీ, లోపలికెళ్ళాక బ్రేకు మీంచి కాలు తీసి ఒగ్గీ. ముందున్న రోడ్డు చూడకు, మలుపు ఎక్కడ విడిపోతాదో అది చూడు. మనం ఎటు చూస్తే బండి అటే పోద్ది.”

ఆమె మళ్ళీ బయల్దేరింది. తర్వాతిదాంట్లో తడబడింది, దాని తర్వాతిదాంట్లో ఆలస్యంగా తిప్పింది. మాస్టారు కళ్ళు మూసుకుని నా ఇంజను చప్పుడు వింటూ, “ఇప్పుడు మూడు... ఇప్పుడు ఒగ్గీ... చూపు పైకి” అంటూ ఉన్నారు. కాఫీ తోటల దగ్గర పెద్ద కుడి మలుపు వచ్చింది. ఆమె ముందే తగ్గించింది, మూడో గేరు వేసింది, స్టీరింగు ఒకే తిప్పు తిప్పి అలాగే పట్టుకుంది. నేను ఒరిగాను, టైర్లు పాడాయి, మలుపు మొత్తం ఒక్క ఊపులో జరిగిపోయి అవతల తేలాం.

పైడితల్లి పెద్దగా నవ్వేసింది. ఆమెకి అంత నవ్వు ఉందని నాకు తెలియదు. మాస్టారికీ తెలియదనుకుంటాను, కళ్ళు తెరిచి ఆమె వైపు తల పూర్తిగా తిప్పి చూశారు.

“ఇందుకేనేటి మీరు రోజూ ఇలగ తోలీవోరు?”

“ఇందుకే.”

“మరి నాకు చెప్పనేదేం?”

“చెప్తే తెలిసీదేటే!”

అప్పటినుంచి ఆమే ఆయన్ని రోజూ బడికి తీసుకెళ్ళేది. కోటలో జనం కొన్నాళ్ళు నవ్వారు, తర్వాత తమ ఆడపిల్లల్ని నేర్చుకోమని ఆమె దగ్గరికి పంపారు. మాస్టారు అన్నం సరిగా తినసాగారు. అలాగని అంతా సుఖంగా సాగిందని అనను. ఆమె చెయ్యి కుదురుకునేకొద్దీ ఆయన నోరు పెరిగింది. “ఆలీసంగా తిప్పినావు”, “ఆ గేరేటి?”, “నానైతేనా...” ఒకరోజు అనంతగిరి నుంచి దిగుతుంటే ఆమె నన్ను పక్కకి తీసి ఆపేసింది.

“ఏటండీ, ఇది మీరు తోల్తన్నారా, నాను తోల్తన్నానా?”

ఆయన కిటికీ వైపు తిరిగారు.

“మీ కళ్ళు పోనాయని నా చేతుల్తో తోలీద్దావనుకుంటే కుదరదు. మీలాగ నాకు రాదు. నాలాగే వస్తాది.”

 నాకు భయం వేసింది, మళ్ళీ షెడ్డేనేమోనని. చివరికి మాస్టారు, “సరే. పోనీ. నానేటీ అనను,” అన్నారు. కొండ దిగేదాకా నిజంగానే ఏమీ అనలేదు. ఆమె తన పద్ధతిలో దిగింది. ఆయనకంటే కాస్త నిదానంగా లోపలికి పోయి, కాస్త ముందుగా వేగం అందుకునేది. ఆయన చేతిలో కొద్దిగా అదిరే చోట ఆమె చేతిలో నేను అదరలేదు. కింద బొడ్డవర దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు ఆయన గ్లాసు వైపు చూస్తూ అన్నారు.

“నాకంటే నువ్వే బాగా తిప్తన్నావు. ఈ ముక్క అనడానికి ఇన్నాళ్ళు పట్టింది.”

“టీ చల్లారిపోతాది, తాగండి,” అంది ఆమె. ఆ రోజు టీకొట్టువాడు మిగిలిన బజ్జీలు కూడా వీళ్ళకే అమ్ముకున్నాడు.

మాస్టారు రిటైరయ్యారు. చూపు దాదాపుగా పోయింది. నా అడుగురేకు తుప్పు పట్టి, కాలి కింద రోడ్డు కనిపించే స్థితికి వచ్చింది. నా రిజిస్ట్రేషను గడువు కూడా తీరింది, తనిఖీలో మళ్ళీ నెగ్గే అవకాశం లేదన్నారు. ఇప్పుడు నేను విశాఖ శివార్లలో పాత ఇనుము యార్డులో ఉన్నాను. ఇంజను తీసేశారు. నాకు అటూ ఇటూ రెండు పెద్ద కార్లు, ఎంతో బలమైనవి, ముక్కులు నుజ్జయి ఉన్నాయి. తిన్నటి రోడ్డు మీదే అయిందట ఆ పని. మేము ఎవరి ఆలోచనల్లో వాళ్ళం ఉంటాం. నాకు తలచుకోవడానికి చివరి రోజు ఉంది.

ఆ రోజు యార్డు మనిషి ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర లారీతో నిలబడ్డాడు. నన్ను అక్కడికి తెచ్చి అప్పగించాలి. పొద్దున్నే ఇద్దరూ ఎక్కారు. పైడితల్లి బంకు వైపు కాకుండా కొండ వైపు తిప్పింది. మాస్టారు ఎందుకని అడగలేదు. టైడా దాకా ఎక్కాం, దిగాం. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. చదును మొదలైంది.

“అయిపోనాయా?”

“మలుపులా? అయిపోనాయి.”

ఆమె ఫోను మోగింది, యార్డు మనిషి. నన్ను రోడ్డు పక్కకి తీసి ఆపింది.

“అమ్మా, ఎంతసేపూ? ఎక్కడున్నారు?”

పైడితల్లి మొగుడి మొహంలోకి చూసింది.

“దారిలోనే ఉన్నాం, బాబూ. ఇంకో గంట పడతాది.”

ఫోను సీటు మీద పడేసి, ముందూ వెనకా చూసుకుని, నన్ను వెనక్కి తిప్పింది. మొదటి గేరు, రెండో గేరు. నేను ఉన్న శక్తంతా కూడదీసుకున్నాను. తొలి మలుపు ఇంకా దూరంలోనే ఉంది. మాస్టారి భుజం అప్పుడే అటు ఒరిగింది.